ముందు ఆగడం నేర్పండి, పిల్లలకైనా బండికైనా

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరు పక్క పల్లెలో ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరి ఏడాది అయిందనీ, పద్నాలుగేళ్ల లోపు పిల్లలు పద్దెనిమిది మందితో బాస్కెట్‌బాల్ జట్టు తయారు చేయాలని ఉందనీ రాశారు. దాంతోపాటు బంధువుల దగ్గర పాత టెంపో ట్రావెలర్ ఒకటి చవకగా వస్తోందనీ, లోపల పడకలూ పొయ్యీ పెట్టించి జట్టును టోర్నమెంట్లకు, సెలవుల్లో ఇంటిల్లిపాదినీ ఊళ్లకు తిప్పుదామని ఉందనీ, ఏది ముందు మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు.

ఈ రెండు పిచ్చులూ మా ఇంట్లో ఉన్నవే. నేను విజయవాడలో ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ తెల్లవారుజామున ఐదున్నరకల్లా ఒక సిమెంటు కోర్టు మీద పాతికమంది పిల్లల మధ్య ఉంటాను. మా ఆయన ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్కు. మా ట్రావెలర్ వయసు మా చిన్నమ్మాయి వయసుతో సమానం, దాని మీద పెట్టిన ఖర్చు కూడా ఇంచుమించు అంతే. కాబట్టి ఇక్కడ రాసేది పుస్తకంలో చూసి కాదు, చేతులు కాల్చుకుని తెలుసుకున్నది.

పిల్లల సంగతితో మొదలుపెడతాను. జట్టు అనగానే అందరూ బంతి చేతికిచ్చి రింగులో వేయమంటారు. నేనూ మొదటి ఐదారేళ్లు అదే చేశాను. రింగు నేల నుంచి 3.05 మీటర్లు, అంటే పది అడుగుల ఎత్తు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీకి కొట్టించారు. ఆ బాల్కనీ పది అడుగుల ఎత్తున ఉంది, ఆ లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. ఆయన శిష్యులు మీసాలొచ్చిన మగవాళ్లు. మన ఆరో తరగతి పిల్ల అదే ఎత్తుకు బంతి వేయాలంటే నడుము దగ్గర నుంచి రెండు చేతులతో బిందె ఎత్తిపోసినట్టు విసరాల్సిందే. అలా ఏడాది విసిరిన పిల్లకు మోచేయి లోపలికి పెట్టి వేయడం నేర్పాలంటే మీకు రెండేళ్లు పడుతుంది.

పన్నెండేళ్ల లోపు వారి మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు 2.60 మీటర్ల ఎత్తున పెడతారు, ఐదో నంబరు బంతి వాడతారు. మీ బడిలో రింగు కదలదు కాబట్టి, కోర్టు పక్కన ఒక ఇనుప గొట్టం పాతించి ఎనిమిదిన్నర అడుగుల దగ్గర 45 సెంటీమీటర్ల వ్యాసంతో ఒక చువ్వ రింగు వెల్డింగ్ చేయించండి. బోర్డు లేకపోయినా పరవాలేదు. ఊళ్లో గేట్లు చేసే వెల్డర్ ఒక పూటలో చేసేస్తాడు. బంతుల విషయానికి వస్తే, పెద్ద మగవాళ్ల ఏడో నంబరు బంతి 600 గ్రాములు తూగుతుంది, ఐదో నంబరుది 500 దాటదు. ఆ వంద గ్రాముల తేడా మీకూ నాకూ తెలియదు, పదేళ్ల పిల్ల మణికట్టుకు తెలుస్తుంది. పెద్ద ఆడపిల్లలకు ఆరో నంబరు. తోలు బంతి మోజు వద్దు, సిమెంటు మీద నెల రోజుల్లో బొచ్చు లేస్తుంది, రబ్బరు బంతులే కొనండి. గాలి సరిపోయిందో లేదో చూడటానికి మీటరు అక్కరలేదు. తల ఎత్తు నుంచి వదిలితే నడుము దాకా లేవాలి, అంతే.

ఇప్పుడు అసలు విషయం. మొదటి నెల బంతి వేయడం నేర్పకండి, డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకు కొడుతూ నడిపించడం కూడా పెద్దగా వద్దు. ఆగడం నేర్పండి.

నవ్వకండి. పద్నాలుగేళ్ల లోపు మ్యాచ్ ఏదైనా ఒకటి పక్కన కూర్చుని చూడండి. జట్లు బంతిని పోగొట్టుకునేది ఎదుటివాళ్లు లాక్కోవడం వల్ల కాదు, ట్రావెలింగ్ వల్ల. అంటే బంతి చేతిలో ఉండగా కాళ్లు ఆగకపోవడం వల్ల. పిల్లలకు పరిగెత్తడం ఎవరూ నేర్పనక్కర్లేదు, పుట్టుకతోనే వస్తుంది. పరుగును తెంపడం మాత్రం ఎవరికీ రాదు. పాస్ అందుకోగానే ఇంకో మూడడుగులు జారిపోతారు, ఈల పడుతుంది, బంతి అవతలివాళ్లకు వెళుతుంది. 2017లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ఈ నియమాన్ని కొంత సడలించింది. పరిగెడుతూ బంతి అందుకున్నప్పుడు నేల మీద ఉన్న పాదాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ తర్వాత రెండడుగులు వేయవచ్చు. అది తెలిసిన పిల్లలు మూడు నాలుగు అడుగులు వేసి, నాతోనే వాదిస్తారు. నియమం సడలితే కాళ్లు ఇంకా సడలాయి!

ఆగడం ఎలా నేర్పాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది ఈల వేసి 'ఆగు' అనడం అనుకుంటారు. ఈల పడగానే రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకాలి. భుజాలంత వెడల్పు, మోకాళ్లు వంగి, తుంటి కొంచెం వెనక్కి, కుర్చీలో కూర్చోబోయి మధ్యలో ఆగిపోయినట్టు ఉండాలి. తల మాత్రం నిటారుగా. ఒక చిట్కా ఉంది. మీరు పిల్లలకు వీపు తిప్పి నిలబడి వినండి. రెండు పాదాలు ఒకేసారి పడితే 'దబ్' అని ఒక్క చప్పుడు వస్తుంది. ఒకదాని వెంట ఒకటి పడితే 'ధబధబ' అంటుంది. నేను ఎవరినీ చూడకుండా "ఎవరిదది రెండు చప్పుళ్లు?" అని అడుగుతాను. మొదట్లో పిల్లలు నాకు వెనకా కళ్లున్నాయనుకునేవారు.

ఆడపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. దూకి దిగేటప్పుడు వాళ్ల మోకాళ్లు లోపలికి, ఒకదానికొకటి దగ్గరగా వంగుతాయి. మోకాలి లోపలి కట్టు తెగే గాయం ఈ ఆటలో మగపిల్లల కంటే ఆడపిల్లలకే ఎక్కువ, అందుకు ఈ దిగే తీరు ఒక కారణం. మోకాలు బొటనవేలు వైపు కాకుండా రెండో వేలు వైపు చూడాలని రోజూ గుర్తు చేయండి. మన తొక్కుడుబిళ్లను మించిన అభ్యాసం దీనికి లేదు. ఒంటి కాలి మీద గడి నుంచి గడికి గెంతి, గీత తొక్కకుండా నిలబడి, వంగి బిళ్ల తీయాలి. ఇందులో ఆగడం ఉంది, తూకం ఉంది, మోకాలి అదుపు ఉంది. బడి గోడ పక్కన సుద్దతో గీయించండి, మగపిల్లల చేత కూడా ఆడించండి. మొదట సిగ్గుపడతారు, రెండో రోజుకు కొట్టుకుంటారు. పాదాలు చురుకవడానికి నాలుగు స్తంభాలాట కూడా పెట్టండి.

ఆగాక పివట్. ఒక పాదాన్ని నేలకు కొట్టేసిన మేకులా ఉంచి, రెండో పాదంతో చుట్టూ తిరగడం. నాలుగేళ్ల కిందట వన్‌టౌన్ నుంచి ఒక అమ్మాయి వచ్చేది, ఏడో తరగతి. వాళ్ల నాన్న కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయల బస్తాలు మోసేవారు. పరుగులో ఆ పిల్లను పట్టేవారు లేరు. కానీ బంతి పట్టుకుంటే చాలు, ఎడమ కాలు ఈడ్చేసేది. సుద్దతో వలయం గీసి అందులో నిలబెట్టాను, ఫలితం లేదు. చివరకు సంచిలో ఉన్న పాత జవాబు పత్రం ఒకటి మడిచి ఆ బూటు మునివేళ్ల కింద పెట్టాను. కాగితం ఉన్న చోటే గుండ్రంగా తిరగాలి, జరిగితే మళ్లీ మొదటి నుంచి. మొదటి రోజు కాగితం బారెడు దూరం వెళ్లింది. రెండో వారం చివర తీసి చూస్తే సరిగ్గా మధ్యలో రూపాయి బిళ్లంత గుండ్రటి చిల్లు పడింది, అంచులు మాత్రం నలగలేదు. ఆ పిల్ల ఆ కాగితాన్ని ఇంటికి పట్టుకెళ్లింది. అది ఎవరో పిల్లవాడి సాంఘిక శాస్త్రం పేపరు, వాడికి అందులో ఎన్ని మార్కులొచ్చాయో కూడా చిల్లులో పోయింది.

ఇలా ఒక నెల గడిపాక లే అప్ (పరుగు మీద రింగు దగ్గరకు వెళ్లి బంతి వేయడం), చెస్ట్ పాస్, బౌన్స్ పాస్ వరసగా నేర్పండి. వాటి గురించి నేను రాయనక్కర్లేదు, మీరూ ఆడినవారే. రెండే మాటలు చెబుతాను. జోన్, అంటే ఒక్కొక్కరు ఒక్కో చోటును కాసే పద్ధతి కట్టించకండి, ఒకరికొకరుగా కాపలా కాయించండి. చిన్న పిల్లలు దూరం నుంచి వేయలేరు కాబట్టి జోన్ కడితే మ్యాచ్‌లు సులువుగా గెలుస్తారు, కానీ ఎవరికీ కాపలా కాయడం రాదు. రెండోది, పొడుగు పిల్లవాణ్ణి ఎప్పుడూ రింగు కిందే నిలబెట్టకండి. పన్నెండేళ్లకు అందరికంటే పొడుగున్నవాడు పదిహేడేళ్లకు మామూలు ఎత్తే కావచ్చు. అప్పటికి వాడికి డ్రిబ్లింగ్ రాకపోతే ఆ పాపం మనదే.

ఎత్తు సంగతి వచ్చింది కాబట్టి తల్లిదండ్రుల మాట చెప్పాలి. మా దగ్గర పిల్లల్ని చేర్చేవారిలో సగం మంది "మేడమ్, పొడుగు పెరుగుతాడని" అంటారు. 2015లో పంజాబు కుర్రాడు సత్నాం సింగ్‌ను అమెరికా ఎన్‌బీఏ జట్టు డాలస్ మావెరిక్స్ ఎంచుకున్నప్పటి నుంచి ఈ గోల మరీ పెరిగింది. ఆయన ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. బాస్కెట్‌బాల్ ఆడి అంత పెరగలేదు, అంత పెరిగాడు కాబట్టి ఆ ఆటలోకి వచ్చాడు. ఎత్తు చాలా మటుకు అమ్మానాన్నల నుంచి వచ్చేది, మిగిలింది తిండీ నిద్రా. ఈ మాట చెబితే కొందరు పిల్లల్ని మాన్పిస్తారు. మాన్పించనివ్వండి. మిగతా సగం మంది తొమ్మిదో తరగతి రాగానే ఐఐటీ ఫౌండేషన్ అంటూ మాన్పిస్తారు. విజయవాడ, గుంటూరు ఊళ్లలో శిక్షకుడిగా ఉండటమంటే ప్రతి జూన్‌లోనూ సగం జట్టును మళ్లీ తయారు చేసుకోవడమే. వాళ్లతో తగవు పెట్టుకోకండి. వారానికి రెండు పూటలైనా పంపమని అడగండి, పరీక్షలకు నెల ముందు మీరే సెలవివ్వండి. ఆ సెలవిచ్చిన దగ్గర నుంచి నా దగ్గర మానేసేవాళ్లు తగ్గారు.

మన ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది! మేలో సిమెంటు కోర్టు రాత్రంతా వేడి దాచుకుని ఉంటుంది. ఐదున్నరకు మొదలుపెట్టి ఏడుంబావుకు ఆపేయండి. పావుగంటకోసారి దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగించండి, ఆట అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుందని ఎవరైనా అంటే నాటకమనుకోకండి, నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద తడిబట్ట వేసి గాలి తగలనివ్వండి. మాట తడబడితేనో మగతగా ఉంటేనో 108కి ఫోను చేసి, తడపడం మాత్రం ఆపకండి. ఎదిగే పిల్లలు కొందరికి మోకాలి చిప్ప కింద ఎముక బుడిపెలా లేచి నొప్పి పుడుతుంది. అది ఆట ఎక్కువై వచ్చేది, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. "మగాడివి, ఓర్చుకో" అని దూకించకండి.

ఇక మీ నోటి సంగతి. మ్యాచ్ జరుగుతుంటే గీత పక్కన నిలబడి "షూట్! పాస్! ఇటు! అటు!" అని అరిచే శిక్షకుణ్ణి చూస్తే నాకు పెళ్లి పందిట్లో పురోహితుడి మంత్రాలకు అడ్డొచ్చే మేనమామ గుర్తొస్తాడు. నేనూ అరిచేదాన్నే. ఒకసారి సెమీ ఫైనల్లో ఆటను నడిపించే మా గార్డు పిల్ల బంతి చేతిలో పెట్టుకుని, ఆట మధ్యలో నా వైపు తిరిగి, ఏం చేయాలో చెప్పమన్నట్టు నిలబడిపోయింది. ఎదుటి పిల్ల వచ్చి బంతి తీసుకుని వెళ్లి వేసేసింది. పన్నెండు మందికీ ఆగడం నేర్పిన నాకు నా నోరు ఆపుకోవడం రాలేదని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి మ్యాచ్‌లో టైమౌట్‌కు తప్ప నోరు తెరవను. నోట్లో లవంగం పెట్టుకుంటాను, అలవాటైంది.

మొదటి ఏడాది టోర్నమెంట్లు రెండు చాలు, అవీ పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరేంత దూరంలో. పన్నెండు మందిని తీసుకువెళ్తే పన్నెండు మందినీ ఆడించండి. బెంచీ మీద కూర్చుని ఇంటికొచ్చిన పిల్లవాడు మర్నాడు కోర్టుకు రాడు. పాఠశాలల పోటీల్లో 14, 17, 19 ఏళ్ల లోపు అని విభాగాలుంటాయి, కాబట్టి పుట్టినతేదీ కాగితాలు, స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైలులో, నకళ్లు ఇంకో సంచిలో పెట్టండి. ప్రతి పిల్లకూ తల్లో తండ్రో సంతకం చేసిన అంగీకార పత్రం ఉండాలి. ఆడపిల్లలు ఉంటే ఒక ఉపాధ్యాయురాలో ఒక తల్లో వెంట ఉండి తీరాలి. ఆవిడ సంచిలో శానిటరీ ప్యాడ్లు ఉండాలి, అవి ఉన్నాయని ఆడపిల్లలందరికీ ముందే తెలియాలి. అడగడానికి మొహమాటపడి మ్యాచ్ మానేసిన పిల్లలను చూశాను.

ఇప్పుడు బండి దగ్గరకు వద్దాం. మీకు నచ్చని మాట ముందే చెప్పేస్తాను. పడకలు బిగించిన వ్యాన్‌లో జట్టును ఎక్కించకండి. పడకా పొయ్యీ మీ కుటుంబానికి, అదీ బండి ఆగి ఉన్నప్పుడు. నడిచే బండిలో ప్రతి మనిషికీ ముందుకు తిరిగిన సీటు, బెల్టు ఉండాలి. జట్టును ఆర్టీసీ బస్సులోనో రైల్లోనో తీసుకువెళ్లండి. విశాఖపట్నం వెళ్లాలంటే విజయవాడలో పొద్దునే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు, పిల్లలు కిటికీల దగ్గర కొట్టుకుంటూ హాయిగా వస్తారు. బండి బంతులు, నీళ్ల డబ్బాలు, పులిహోర గిన్నె మోసుకుని వెనకాల వస్తుంది. చింతపండు పులుపు వల్ల పులిహోర సాయంత్రం దాకా చెడదు. పెరుగన్నం ఎండలో పులుస్తుంది, మధ్యాహ్నంలోపే పెట్టేయండి.

ఈ తెలివి నాకు ముందు నుంచీ లేదు. చాలా ఏళ్ల కిందట విశాఖలో టోర్నమెంటు అయ్యాక, పిల్లలు అడిగారని తొమ్మిది మందిని మా వ్యాన్‌లోనే అరకు తీసుకువెళ్లాం. వెనక ఒక బల్ల, ఒక పరుపు, బెల్టులు లేవు. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతున్నాం. మా ఆయన మూడో గేరులో పెట్టి, ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కుతూ దింపుతున్నారు. పిల్లలు పాటలు. నాకు ముందు వాసన తగిలింది, ఇస్త్రీపెట్టె కింద బట్ట మాడినట్టు. ఆ తర్వాత ఆయన మాట్లాడటం మానేశారు. చూస్తే పాదం బ్రేకు మీద రెండు మూడుసార్లు ఆడిస్తున్నారు, పెడల్ నేలకు అంటుకుపోతోంది. రెండో గేరుకు లాగి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా ఎత్తుతూ, కొండ వైపున్న మట్టిలోకి చక్రాలు దించి ఆపారు. చక్రాల ముందు రాళ్లు పెట్టి గంటన్నర కూర్చున్నాం. పిల్లలకు ఇంజను వేడెక్కిందని చెప్పాం. వాళ్లు దారి పక్కన బొంగులో చికెన్ కాల్చే ఆయన చుట్టూ చేరారు. నేను రోడ్డు అంచు నుంచి కిందకు చూడలేదు.

ఎందుకలా జరిగిందో తర్వాత ఆయనే చెప్పారు, తప్పు తనదేనని కూడా ఒప్పుకున్నారు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే అందులో నీరు చేరి, అది మరిగే వేడి తగ్గిపోతుంది. ఘాట్‌లో బ్రేకులు కాగినప్పుడు లోపల ఆవిరి బుడగలు పుడతాయి. నూనె నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. పెడల్ నేలకు వెళుతుంది, చక్రానికి మాత్రం ఏమీ అందదు. చల్లారాక ఆవిరి మళ్లీ నీరై బ్రేకు పనిచేస్తుంది, అదే మోసం. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించండి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. బ్రేకు తొక్కి వదలాలి, దాని మీద కాలు వేసి ఉంచకూడదు. ఊరి మెకానిక్కు దగ్గర ఇంజను బాగుందని విని మురిసిపోకండి. ఇంజను బాగోకపోతే బండి కదలదు, నష్టం డబ్బే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా బండి అజిత్‌సింగ్‌నగర్‌లో మా ఆడపడుచు గారి ఇంటి ముందు ఉంది. నాలుగో రోజుకు గాని దగ్గరకు వెళ్లలేకపోయాం. అద్దాల పైదాకా నీళ్లు. తలుపు తీస్తే, బంతుల సంచి కప్పుకు ఆనుకుని తేలుతోంది, సంచిలో పద్నాలుగు బంతులూ పొడిగా ఉన్నట్టే మెరుస్తున్నాయి. కింద పరుపు బురద ముద్ద. ప్లైవుడ్ పడకలు పొరలు పొరలుగా విచ్చుకుని పుస్తకాల్లా తెరుచుకున్నాయి. ఇరుగుపొరుగు కుర్రాళ్లు "ఒకసారి స్టార్ట్ చేసి చూడండి" అంటుంటే మా ఆయన తాళం జేబులో వేసుకున్నారు. మునిగిన ఇంజనును తిప్పితే సిలిండర్లో చేరిన నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు బ్యాటరీ తీగ విప్పి, బండిని కట్టి లాక్కెళ్లి, డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, చేత్తో తిప్పి నీరంతా బయటకు పంపారు. ఆయిల్ ప్లగ్గు తీస్తే పాలు ఎక్కువైన టీ రంగులో కారింది. మూడుసార్లు ఆయిల్ మార్చాక బతికింది. ఆటోనగర్‌లో ఆ నెలంతా ఇదే పని. ముందే స్టార్ట్ చేసి చూసినవాళ్ల ఇంజన్లు చాలా మటుకు పాడైపోయాయి.

ఆ వరద పుణ్యమా అని లోపలంతా మళ్లీ కట్టాం, ఈసారి తక్కువగా. ఇనుప చట్రం మీద రెండు బల్లలు, మధ్యలో పలక దించితే మంచం. కిటికీలకు దోమతెర, పన్నెండు వోల్టుల ఫ్యాను రెండు, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా. ఫ్యానులకు, దీపాలకు రెండో బ్యాటరీ వేరుగా పెట్టించుకోండి, లేదంటే పొద్దున బండిని తొయ్యడానికి ఊరంతా రావాలి. ఏసీ జోలికి వెళ్లకండి. పొయ్యి లోపల బిగించకండి, ఐదు కిలోల సిలిండరు, చిన్న పొయ్యి తీసుకెళ్లి చెట్టు కింద వండుకోండి. గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పేరుకుంటుంది. పడక కింద పేరుకున్న గ్యాసుకు ఒక్క స్విచ్చు చాలు.

రాత్రి పదింటి తర్వాత బండి నడపకండి. విజయవాడ నుంచి ఇటు ఒంగోలు, అటు రాజమహేంద్రవరం వైపు జాతీయ రహదారి అంచున వెనక దీపాలు లేకుండా ఆగిన లారీలు ఉంటాయి. మనకు విదేశాల్లోలా వ్యాన్లు ఆపుకోవడానికి ప్రత్యేకమైన స్థలాలు లేకపోయినా, సత్రాలున్నాయి. గుడి ఉన్న ఊళ్లో సత్రం గుమస్తాకు మర్యాదగా చెబితే ఆవరణలో బండి పెట్టనిస్తారు, స్నానానికి గది ఇస్తారు. పెట్రోలు బంకుల్లోనూ అడిగి ఆపుకోవచ్చు. మొదటి ప్రయాణం బాపట్ల పక్కన సూర్యలంక చేయండి. పొద్దున బయల్దేరితే పది గంటలకు సముద్రం. ఏది మరిచిపోయారో తెలుస్తుంది, మరిచిపోయినా ఇల్లు దగ్గరే. శ్రీశైలం తర్వాత చూసుకోవచ్చు. అది వెళ్లేటప్పుడు దోర్నాల దగ్గర అడవి దారి రాత్రిపూట మూసేస్తారని గుర్తుంచుకోండి.

కొనే ముందు కాగితాలు చూడండి. ట్రావెలర్ 1987లో బజాజ్ టెంపో పేరుతో వచ్చింది, ఆ కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది. ఆర్సీలో బజాజ్ టెంపో అని ఉంటే బండి ఇరవై ఏళ్లు దాటిందన్నమాట. "ఏ పదేళ్లదో అయ్యుంటుంది" అని బంధువు అంటే ఆ గడి చూపించండి. సొంత వాహనమైతే పదిహేనేళ్ల తర్వాత పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. పసుపు బోర్డు బండి అయితే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. సీట్లు తీసి పడకలు పెట్టడం మార్పు కిందికే వస్తుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందుగా రవాణా శాఖ అనుమతి కావాలి. అనుమతి లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ వస్తుంది. తెల్ల బోర్డు బండిలో పిల్లల దగ్గర డీజిలు డబ్బులని ఏమైనా వసూలు చేశారంటే అది కిరాయే అంటారు, కాబట్టి అసలు వసూలు చేయకండి.

ఏది ముందని అడిగారు కదా. పిల్లలు ముందు. వచ్చే సోమవారమే సుద్దముక్కతో మొదలుపెట్టవచ్చు, పైసా ఖర్చు లేదు. బండికి తొందరేమీ లేదు, పాత ట్రావెలర్లు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. చూడటానికి వెళ్లేటప్పుడు తెల్లవారుజామున, చెప్పకుండా వెళ్లండి. బోనెట్ మీద చెయ్యి పెట్టండి, ముందే స్టార్ట్ చేసి వేడెక్కించిన ఇంజను లోపాలు దాస్తుంది. చల్లగా ఉంటే మీరే స్టార్ట్ చేసి పొగ ఏ రంగులో వస్తుందో చూడండి. నీలంగా వస్తే ఆయిల్ తాగుతోంది. తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే ఇంజనును చల్లార్చే కూలెంటు లోపలికి పోతూ ఉండవచ్చు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పైన గాడులు ఎంత బాగున్నా ఆరేళ్లు దాటినవైతే ఆ డబ్బు ధరలోంచి తీసేయండి. ఖాళీ రోడ్డు మీద ముప్పై వేగంలో ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కి, బండి ఎటు లాగుతుందో చూడండి. మీరు వెళ్లేసరికే బోనెట్ వేడిగా ఉంటే, టీ తాగి వచ్చేయండి, ఇంకో రోజు ఇంకా పొద్దున్నే వెళ్లండి.